కొండ దిగే కారుకి బ్రేక్ డిస్కులు, ప్యాడ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో కాపురముండి ఇంట్లో కారుంటే, చుట్టాలెవరొచ్చినా కొండకి తీసుకెళ్ళి తీసుకొచ్చే పని మనదే. ఐదుగురిని ఎక్కించుకుని, డిక్కీ నిండా బ్యాగులు, లడ్డూ సంచులు పెట్టుకుని దిగే ఆ 40 నిమిషాలే మన బ్రేకులకి అసలు పరీక్ష. నేను మెకానిక్‌ని కాను, చాలా ఏళ్ళుగా సొంత కారు బ్రేకులు నేనే విప్పి బిగించుకుంటున్నాను. తెలిసినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకి నేను చెప్పే జవాబులివి.

డిస్క్, రోటర్ వేరువేరా?

రెండూ ఒకటే. మన షెడ్లలో డిస్క్ అంటారు, ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు రోటర్ అని కనిపిస్తుంది. చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళెం అది. దాన్ని రెండు వైపులా పట్టుకునేవి ప్యాడ్‌లు, ఆ ప్యాడ్‌లని నొక్కేది క్యాలిపర్.

కంపెనీ ఇచ్చిన బ్రేకులు చాలవా? అసలు అప్‌గ్రేడ్ ఎందుకు?

ఊళ్ళో తిరిగే కారుకి చాలు. రేణిగుంట రోడ్డు, తిరుచానూరు, అప్పుడప్పుడూ చెన్నై హైవే, ఇంతే మీ తిరుగుడైతే కంపెనీ డిస్కులు, కంపెనీ ప్యాడ్‌లు సమయానికి మార్చుకుంటే ఇంకేం అక్కర్లేదు, ఆ డబ్బు మంచి టైర్ల మీద పెట్టండి.

కొండ సంగతి వేరు. తిరుమలకీ తిరుపతికీ ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. కారు అంత ఎత్తు నుంచి దిగినప్పుడు బయటికి పోవాల్సిన శక్తిని లెక్కేస్తే, అదే కారుని 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపడం 18 సార్లు చేసినంత అవుతుంది. మీది చిన్న కారైనా ఇన్నోవా అయినా లెక్క ఇదే, ఎందుకంటే బరువు రెండు వైపులా కొట్టుకుపోతుంది. అందులో కొంత ఇంజిన్ పట్టుకుంటుంది, కొంత గాలికి, టైర్లకి పోతుంది, మిగతాదంతా డిస్కులోనే వేడిగా దిగుతుంది. మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ ఉంటే ఆ వేడి పోయేందుకు టైం ఉండదు. కాబట్టి అప్‌గ్రేడ్ అని ఏది కొన్నా నేను ఒక్కటే అడుగుతాను: ఇది వేడిని తట్టుకుంటుందా, లేక వేడిని త్వరగా వదిలేస్తుందా? రెండూ కాకపోతే అది చక్రం సందులోంచి చూడ్డానికే పనికొస్తుంది.

సరే, ముందు ఏం మార్చమంటారు?

బ్రేక్ ఆయిల్. ఈ జవాబు విని చాలామంది నిరాశపడతారు, డిస్కుల గురించి అడిగితే ఆయిల్ అంటాడేంటి అని. నాకు జరిగింది చెప్తాను.

కొన్నేళ్ళ క్రితం మా అమ్మానాన్నల్ని, అక్కావాళ్ళని తీసుకుని కొండ దిగుతున్నాను. కొత్త ప్యాడ్‌లు వేసి నెల కూడా కాలేదు. మూడో గేర్‌లో, మాటల్లో పడి, బ్రేకు మీద కాలు పెట్టే దిగుతున్నాను. మోకాలి మెట్టు దాటాక ఒక మలుపులో పెడల్ తొక్కితే స్పాంజిలా లోపలికి పోయింది. రెండోసారి, మూడోసారి పంపు కొడితే గానీ పట్టలేదు. రెండో గేర్‌కి దింపి, హజార్డ్ లైట్లేసి, ఎడమ పక్కన వెడల్పు కనిపించిన చోట ఆపేశాను. అరగంట ఎవ్వరం మాట్లాడలేదు. చల్లారాక పెడల్ మామూలుగా గట్టిపడింది. ఇంటికొచ్చి చూస్తే ఆయిల్ నల్లటి టీ రంగులో ఉంది. సర్వీస్ చేసిన షెడ్డులో బిల్లులో ఆయిల్ మార్చినట్టు రాశారు గానీ, నిజానికి డబ్బాలో పైపైన పోసి మూత పెట్టారంతే.

బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది, మరిగితే లైన్లో ఆవిరి బుడగలొస్తాయి, ఆవిరి నలుగుతుంది గానీ ప్యాడ్‌ని తొయ్యదు. ఎంత ఖరీదైన డిస్కున్నా పెడల్ నేలకి దిగిపోతే ఏం లాభం? రెండేళ్ళకోసారి మొత్తం తీయించి, నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీయించండి. మీరు పక్కనే నిలబడండి, మొహమాటపడొద్దు.

డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అంటుంటారు, ఏది పోయించాలి?

రిజర్వాయర్ మూత మీద ఏది రాసి ఉంటే అది, లేదా దానికంటే పైది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ లెక్క 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. మన వాడకానికి మంచి కంపెనీ డాట్ 4 బాగా సరిపోతుంది. డాట్ 5 మాత్రం వద్దు, అది సిలికాన్ రకం, పేరు దగ్గరగా ఉందని 5.1 అనుకుని పోస్తే మిగతా వాటితో కలవదు. ఇంకొకటి, సగం వాడి మూతపెట్టిన పాత సీసా వాడకండి, చొక్కా మీద పడ్డా ఫర్వాలేదు గానీ కారు పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి.

ప్యాడ్‌లలో ఏ రకం తీసుకోవాలి?

మూడు రకాలు దొరుకుతాయి. ఆర్గానిక్ మెత్తగా, శబ్దం లేకుండా ఉంటుంది, కంపెనీ నుంచి చాలా చిన్న కార్లకి ఇదే వస్తుంది, ఎక్కువ వేడెక్కితే పట్టు తగ్గుతుంది. సెమీ మెటాలిక్‌లో ఇనుము, ఉక్కు పీచు కలుపుతారు, వేడికి బాగా నిలబడుతుంది, బదులుగా కొంచెం శబ్దం, అలాయ్ చక్రాల మీద నల్లటి దుమ్ము, డిస్కు కాస్త త్వరగా అరగడం ఉంటాయి. సెరామిక్ దుమ్ము తక్కువ, శబ్దం తక్కువ, ధర ఎక్కువ. ఊళ్ళో కారు శుభ్రంగా ఉండాలనుకునేవాళ్ళకి అది బాగుంటుంది.

నెలకి రెండు మూడు సార్లు నిండు బండితో కొండకి పోయేవాళ్ళకి, భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లెకో, మొగిలి ఘాట్ దిగుతూ పలమనేరు నుంచి చిత్తూరుకో తరచూ తిరిగేవాళ్ళకి నా ఓటు మంచి సెమీ మెటాలిక్‌కే. దుమ్ముదేముంది, కడుక్కుంటే పోతుంది.

ప్యాడ్ అంచున లేదా వెనక రేకు మీద అంకెలతో పాటు రెండు అక్షరాలు చాలా వాటిల్లో ముద్రించి ఉంటాయి: ఈఈ (EE), ఎఫ్ఎఫ్ (FF), జీజీ (GG) లాగా. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక పట్టు. ఘర్షణ గుణకం లెక్కలో E అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటిదానికంటే కిందిదైతే, వేడిలో పట్టు వదిలేస్తుందని ఆ ప్యాడే చెప్తోందన్నమాట. నేను ఎఫ్ఎఫ్‌కి తగ్గకుండా చూసుకుంటాను. అయితే ఈ అక్షరాలు పట్టు గురించే చెప్తాయి, ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్పవు.

రేసింగ్ ప్యాడ్‌లు వేయిస్తే ఇంకా మంచిది కదా?

కాదు. అవి బాగా వేడెక్కితేనే పట్టుకుంటాయి. పొద్దున్నే ఇంట్లోంచి తీసి కపిలతీర్థం రోడ్డులో మొదటిసారి తొక్కినప్పుడు ఎవరో ఎదురొస్తే? రోడ్డు కారుకి వద్దు.

డిస్కుల్లో గీతలున్నవి, రంధ్రాలున్నవి, మామూలువి. ఏది మేలు?

చూడ్డానికి రంధ్రాలున్నవి బాగుంటాయి, ఒప్పుకుంటాను. కానీ మళ్ళీ మళ్ళీ వేడెక్కి చల్లారే వాడకంలో ఆ రంధ్రాల చుట్టూ సన్నటి పగుళ్ళు మొదలవుతాయి, చవక రకాల్లో ఇంకా త్వరగా. పైగా రంధ్రం వేసిన చోట ఇనుము తగ్గింది, వేడిని దాచుకునేది ఆ ఇనుమే. మన ఘాట్ వాడకానికి నేను వద్దంటాను.

గీతలున్నవి, అంటే స్లాటెడ్, ప్యాడ్ ముఖాన్ని గీకుతూ శుభ్రంగా ఉంచుతాయి, వానలో నీళ్ళని, దుమ్ముని పక్కకి తోస్తాయి. ప్యాడ్ కొంచెం త్వరగా అరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు సన్నటి రొద వస్తుంది. కావాలనుకుంటే వేయించుకోవచ్చు.

మామూలు డిస్కే, కానీ మంచి పోత, అందులోనూ హై కార్బన్ అని రాసి ఉన్నది దొరికితే అదే నా మొదటి ఎంపిక. కార్బన్ ఎక్కువున్న ఇనుము వేడిని బాగా ప్రసరింపజేస్తుంది, పగుళ్ళు, అదుర్లు తక్కువ. ఇంకా ముఖ్యం, రెండు పలకల మధ్య గాలి పోయే సందులున్న వెంటిలేటెడ్ రకమా, ఒకటే పలకా అన్నది. మీ మోడల్లో కింది వేరియంట్‌కి ఒకటే పలక, పై వేరియంట్‌కి వెంటిలేటెడ్ ఇచ్చి ఉంటే, క్యాలిపర్‌తో సహా పై వేరియంట్ సామాను వేయించుకోవడం చాలా తెలివైన అప్‌గ్రేడ్. కంపెనీ పార్ట్ నంబర్లు చూసి, హబ్ (చక్రం, డిస్కు బిగించే మధ్య భాగం), మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసేది) ఒకటేనా అని సరిచూసుకోవాలి.

ఇంకా పెద్ద సైజు డిస్కు పెట్టిస్తే?

పెట్టించొచ్చు, కానీ దాని వెనక ఒక గొలుసు ఉంది. పెద్ద డిస్కు, పెద్ద క్యాలిపర్ 14 అంగుళాల చక్రంలో పట్టకపోవచ్చు, అంటే చక్రాలు మార్చాలి, టైర్లు మార్చాలి. ముందు బ్రేకు బలం పెరిగి వెనకది అలాగే ఉంటే ముందు టైర్లే పని అంతా చేస్తాయి, వెనక బ్రేకు ఉన్నా లేనట్టే. ఏబీఎస్‌ని, అంటే గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటుని, కంపెనీ తన బ్రేకులకి సరిపోయేట్టు అమర్చింది, లెక్క మారితే అది ఎలా స్పందిస్తుందో పరీక్షించే వసతి మన దగ్గర లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించే, ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ రోజున అడిగేదీ దీని గురించే, కాబట్టి చేయించే ముందే వాళ్ళకి రాసి అడగండి. కుటుంబం తిరిగే కారుకి కంపెనీ సైజులోనే మంచి డిస్కు, మంచి ప్యాడ్, కొత్త ఆయిల్ చాలు అని నా గట్టి అభిప్రాయం.

పాత డిస్కు మీద కొత్త ప్యాడ్‌లు వేయొచ్చా? లేత్ పట్టిస్తే, అంటే మెషీన్ మీద ముఖం చదును చేయిస్తే, సరిపోతుందా?

డిస్కు అంచున గానీ మధ్య టోపీ మీద గానీ కనీస మందం ముద్రించి ఉంటుంది. 22 మిల్లీమీటర్ల డిస్కుకి చాలావాటిల్లో అది 20 దగ్గర ఉంటుంది. వర్నియర్‌తో గానీ మైక్రోమీటర్‌తో గానీ కొలవండి, అయితే అంచున అరగకుండా మిగిలిన గట్టు మీద కాదు, ప్యాడ్ ఆనే చోట. గట్టు మీద కొలిచి ఇంకా మందంగానే ఉందన్న వాళ్ళని చూశాను. కొలత బాగుండి, ముఖం చదునుగా ఉంటే కొత్త ప్యాడ్‌లు వేసుకోండి. గీతలు లోతుగా ఉంటే లేత్ పట్టించొచ్చు, కానీ పట్టించాక కూడా కనీస మందం పైనే ఉండాలి. పలచబడ్డ డిస్కు వేడిని తక్కువ దాచుకుంటుంది, కొండ దిగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. కనీస మందానికి దగ్గర్లో ఉంటే లేత్ డబ్బులు వృథా చేయకుండా కొత్తవి కొనండి. డిస్కులైనా ప్యాడ్‌లైనా ఒక్క చక్రానికి మార్చకూడదు, కుడి ఎడమ రెండూ కలిపే.

బిగించేటప్పుడు షెడ్డులో ఏం గమనించాలి?

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను. డిస్కు కూర్చునే హబ్ ముఖం మీద తుప్పు ఉంటుంది. దాన్ని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాలి. అక్కడ చిన్న తుప్పు పొక్కు మిగిలినా డిస్కు అంచు దగ్గరికి వచ్చేసరికి అది పెద్ద వంకర అవుతుంది. డయల్ గేజ్ ఉంటే వంకర చూడమనండి, చాలా కార్లకి 0.05 మిల్లీమీటర్ల లోపు ఉంటే మంచిది. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె పొర ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. కిరోసిన్, డీజిల్ గుడ్డ వద్దే వద్దు.

క్యాలిపర్ జారే పిన్లు రెండూ బయటికి తీసి, తుడిచి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను జామ్ అవుతుంది. పిన్ను జామైతే లోపలి ప్యాడ్ రేకుదాకా అరిగిపోతుంది, బయటి ప్యాడ్ కొత్తదానిలా ఉంటుంది, బయట నుంచి చూసి బాగుందనుకుంటాం. పాత ప్యాడ్‌లు విప్పాక రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి, మందంలో బాగా తేడా ఉంటే పిన్నో పిస్టనో పట్టేస్తోందని అర్థం. క్యాలిపర్‌ని గొట్టం మీద వేలాడదీయనివ్వకండి, తీగతో కట్టమనండి. దుమ్ముని ఎయిర్ పైపుతో ఊదొద్దనండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ పని చేసే కుర్రాళ్ళ ఆరోగ్యం కోసమైనా చెప్పండి.

చక్రం నట్లు ఎయిర్ గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగిస్తే డిస్కు మీద ఒత్తిడి ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది. ఎదురెదురు నట్లు, టార్క్ రెంచ్‌తో, మాన్యువల్లో ఉన్న అంకెకి. అంతా అయ్యాక కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా పంపు కొట్టాలి. మొదటి తొక్కు ఖాళీగా పోతుంది, అది తెలియక షెడ్డు గోడకి కొట్టేసినవాళ్ళున్నారు.

కొత్త ప్యాడ్‌లని అలవాటు చేయాలంటారు, ఎలా?

దాన్ని బెడ్డింగ్ అంటారు. ప్యాడ్ పదార్థం డిస్కు మీద పలచగా, సమానంగా ఒక పొరలా పరుచుకోవాలి. తెల్లవారుజామున ఖాళీగా ఉండే రోడ్డు చూసుకోండి, నేనైతే చిత్తూరు వైపు పూతలపట్టు హైవే మీదకి పోతాను. వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకుని, 60 నుంచి 15 దాకా ఓ మోస్తరు గట్టిగా తగ్గించి, పూర్తిగా ఆపకుండా మళ్ళీ 60కి వెళ్ళి, ఇలా 8 నుంచి 10 సార్లు. ఆ తర్వాత పది నిమిషాలు బ్రేకు తొక్కకుండా మెల్లగా నడిపి చల్లార్చాలి. ప్యాడ్ కంపెనీ పెట్టె మీద వేరే పద్ధతి రాసి ఉంటే అదే పాటించండి. కొత్త ప్యాడ్‌లు వేయించిన మర్నాడే కొండకి బయల్దేరకండి, దయచేసి.

బ్రేకు వేస్తే స్టీరింగ్ అదురుతోంది. డిస్కు వంగిపోయిందంటున్నారు, నిజమేనా?

చాలాసార్లు వంగదు. ప్యాడ్ పదార్థం ఒకచోట ఎక్కువ అంటుకుని డిస్కు మందం చోటుచోటుకీ మారుతుంది, దాని మీద ప్యాడ్ ఎగిరెగిరి పడుతుంది. ఇది మన దగ్గర ఎలా వస్తుందో చెప్తాను. కొండ దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్నది రూలు. కొందరు వేగంగా దిగేసి, అలిపిరి గేటుకి ముందు బండి ఆపి, గడియారం చూసుకుంటూ కూర్చుంటారు. డిస్కు కాలిపోతూ ఉంటుంది, ప్యాడ్ దాన్ని ఒకేచోట నొక్కి పట్టుకుని ఉంటుంది, ఆ అచ్చు అక్కడ పడుతుంది. మొదట్లో అయితే మళ్ళీ ఒకసారి బెడ్డింగ్ చేస్తే పోవచ్చు, ముదిరితే లేత్ లేదా కొత్త డిస్కు. హబ్ తుప్పు, నట్ల బిగింపు కూడా చూడాలి.

కీచుమంటోంది, ప్రమాదమా?

పొద్దున్నే నాలుగైదు తొక్కులకి పోతే తేమ, తుప్పు పొర. ఎప్పుడూ వస్తుంటే ముందు ప్యాడ్ మందం చూడండి, చాలా ప్యాడ్‌లకి ఒక చిన్న రేకు ఉంటుంది, అరిగాక అది డిస్కుకి తగిలి కీచుమంటుంది. 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే మార్చేయండి. ఇనుము ఇనుము గీసుకున్న గరగర అయితే ఆ బండి ఇక నడపకండి.

దిగేటప్పుడు ఎలా నడపాలి?

రెండో గేర్, నిటారుగా ఉన్నచోట ఒకటి. వేగం పెరిగితే ఒకసారి గట్టిగా తొక్కి బాగా తగ్గించి కాలు తీసేయాలి, మెల్లగా తొక్కిపెట్టి ఉంచకూడదు, కాలు తీసిన ఆ సమయంలోనే డిస్కుకి గాలి తగులుతుంది. ఆటోమేటిక్ కార్లలో ఏఎంటీ రకం అయితే మాన్యువల్ మోడ్‌లోకి, సీవీటీ రకం అయితే గేర్ లివర్‌ని ఎల్ లేదా ఎస్‌లోకి మార్చండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్ళున్నారు. ఇంజిన్ బ్రేకింగ్ పోతుంది, ఆదా కూడా ఉండదు, ఎందుకంటే గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజిన్లు పెట్రోలు ఆపేస్తాయి. ఇంజిన్ ఆపి దించడమైతే ఇంకా ఘోరం, మన తొక్కుడుకి బలం కలిపే బూస్టర్ రెండు మూడు తొక్కులకి ఖాళీ అయి పెడల్ రాయిలా అయిపోతుంది. ఆ రోడ్డు పక్కనే కొంతదూరం నడకదారి భక్తులుంటారు, పిల్లలుంటారు, అది గుర్తుంచుకోండి.

కింద దిగాక కాలిన వాసన వస్తోంది. నీళ్ళు పోయాలా?

వద్దు. ఎర్రగా కాలిన పెనం మీద నీళ్ళు పోసినట్టే, డిస్కు పగలొచ్చు. చల్లారేదాకా మెల్లగా నడపండి. ఆపాల్సి వస్తే చదునైన చోట గేర్‌లో పెట్టి, చక్రం కింద రాయి పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయకుండా ఉంచండి. ఒక్క చక్రం దగ్గరే వాసన, వేడి ఎక్కువుంటే ఆ క్యాలిపర్ జామైంది, షెడ్డుకి తీసుకెళ్ళండి.

వెనక డ్రమ్ములని డిస్కులు చేయిస్తే?

ఖర్చుకి తగ్గ లాభం లేదు. బ్రేకు పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. డ్రమ్ము విప్పించి, దుమ్ము తుడిపించి, లైనర్లు, వీల్ సిలిండర్ కారడం చూపించుకుంటే చాలు.

ఏ కంపెనీవి కొనాలి? నకిలీలు ఎలా గుర్తుపట్టాలి?

కారు కంపెనీ సొంత పార్టులు కాకుండా మన మార్కెట్లో బాష్, బ్రెంబో, చెన్నై వాళ్ళవి టీవీఎస్ గర్లింగ్, రానే లాంటివి ఉన్నాయి. ఇంగ్లండు ఈబీసీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పేరు కంటే కొనే చోటు ముఖ్యం. అధికారిక డీలరా, జీఎస్టీ బిల్లు ఇస్తాడా, పెట్టె మీది పార్ట్ నంబరూ ప్యాడ్ రేకు మీది నంబరూ ఒకటేనా చూడండి. రేకు నుంచి పదార్థం అంచున లేచినట్టుంటే కొనొద్దు. బిల్లు లేకుండా సగం ధరకిస్తానంటే వదిలేయండి.

ఎలక్ట్రిక్ కారుకి ఈ గొడవ లేదు కదా?

తక్కువ, అసలు లేకపోలేదు. దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి బ్యాటరీని నింపుతుంది. కానీ బ్యాటరీ అప్పటికే నిండుగా ఉంటే ఆ శక్తి పోవడానికి చోటుండదు, మోటారు బ్రేకింగ్ తగ్గిపోయి భారం మొత్తం డిస్కుల మీద పడుతుంది. పైన ఫుల్ ఛార్జ్ చేసుకుని దిగకండి. వాడకం తక్కువ కాబట్టి డిస్కులు తుప్పు పడతాయి, పిన్లు పట్టేస్తాయి, అక్టోబరు, నవంబరు వానల తర్వాత తప్పకుండా విప్పి చూపించండి.

రేపు పొద్దున్నే కొండకి వెళ్తున్నాం, ఈ రాత్రి ఏం చూసుకోవాలి?

బానెట్ తీసి బ్రేక్ ఆయిల్ రెండు గీతల మధ్య ఉందా చూడండి. తగ్గి ఉంటే ప్యాడ్‌లు అరిగాయనో, ఎక్కడో కారుతోందనో అర్థం, పైపైన పోసి ఊరుకోవద్దు. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగుసార్లు తొక్కి, తొక్కిపెట్టి ఉంచి స్టార్ట్ చేయండి, పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టు. అలాగే పది సెకన్లు నొక్కి ఉంచండి, మెల్లగా కిందికి జారిపోతుంటే రేపు ఆ కారులో వెళ్ళకండి, అలిపిరి నుంచి బస్సులో పోండి. సెల్‌ఫోన్ లైటు వేసి చక్రం సందుల్లోంచి ప్యాడ్ మందం చూడండి, టైర్ల లోపలి వైపు తడి మరకలున్నాయేమో చూడండి.